గస్తీ, కెమెరాలు, కఠిన శిక్షలు, కౌన్సెలింగ్: ప్రజా భద్రతకు ఏది ఎక్కడ పనికొస్తుంది?

ఒక ప్రాంతంలో నేరాలు పెరిగాయన్న మాట వినబడగానే పోలీసు గస్తీ పెంచాలని కొందరు, నిఘా కెమెరాలు పెట్టాలని కొందరు, శిక్షలు కఠినం చేయాలని కొందరు, దారి తప్పుతున్న యువకులకు కౌన్సెలింగ్ ఇప్పించాలని మరికొందరు పట్టుబడతారు. వీటిలో ఏది మేలన్న ప్రశ్న సహజమైనదే కానీ, ఆ రూపంలో అడిగినంత కాలం దానికి సరైన సమాధానం దొరకదు. గత యాభై ఏళ్లలో వివిధ దేశాల్లో జరిగిన పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూస్తే, దాదాపు ప్రతి చర్యా ఒకచోట ఫలించింది, మరోచోట వ్యర్థమైంది, కొన్ని చోట్ల మేలు చేయబోయి కీడు కూడా చేసింది. అయితే ఈ గెలుపోటముల వెనుక ఒక క్రమం ఉంది. నేరం దేనిని అంటిపెట్టుకొని ఉందో గుర్తించి, దానికి తగిన చర్యను ఎంచుకున్న చోట ఫలితం కనిపించింది. కొన్ని నేరాలు చోటును అంటిపెట్టుకొని ఉంటాయి, కొన్ని కొద్దిమంది మనుషుల చుట్టూ తిరుగుతాయి, కొన్ని నాలుగు గోడల మధ్య ఎవరి కంటా పడకుండా సాగుతాయి. ఈ మూడింటికీ ఒకే మందు పనిచేయదు. స్థానిక సంస్థల సభ్యులు, పోలీసు అధికారులు, నివాసుల సంఘాలు, ఈ రంగాన్ని చదువుతున్న విద్యార్థులు ఎంపిక చేసుకోవలసి వచ్చినప్పుడు ఏ ఆధారాన్ని ఎంత నమ్మవచ్చో ఈ కింది పోలికలు చూపుతాయి.

ముందుగా ఎంచుకోవలసినది లెక్కను

చర్యకంటే ముందు, సమస్యను ఏ లెక్కతో కొలవాలన్నది తేల్చుకోవాలి. పోలీసు రికార్డుల్లో చేరేది జరిగిన నేరం కాదు, బాధితులు ఫిర్యాదు చేయగా పోలీసులు నమోదు చేసిన నేరం. అందువల్ల కేసులు పెరగడమంటే నేరాలు పెరగడం కావచ్చు, ఠాణా గడప తొక్కడానికి జనానికి ధైర్యం పెరగడం కూడా కావచ్చు. ఈ లోపాన్ని పూరించడానికే అమెరికాలో 1973 నుంచి, ఇంగ్లండ్, వేల్స్‌లలో 1982 నుంచి బాధితుల సర్వేలు జరుగుతున్నాయి. పోలీసులకు చెప్పినా చెప్పకపోయినా, ఒక నిర్ణీత కాలంలో తమకు ఏం జరిగిందో ప్రజలనే నేరుగా అడుగుతారు. దాగిన నేరాలను వెలికి తీయడంలో ఈ సర్వేలకు సాటి లేదు. కానీ ఖర్చు ఎక్కువ, ఒక చిన్న పేట స్థాయిలో వాటి నుంచి లెక్క తీయలేము, ఇల్లు లేనివారు, జైళ్లలో ఉన్నవారు వాటిలో చేరరు.

ఈ రెండింటి మధ్య మూడో దారి ఒకటుందని చూపినది వేల్స్‌లోని కార్డిఫ్ నగరం. దాడుల్లో గాయపడి ఆసుపత్రికి వచ్చేవారిలో చాలామంది సంగతి పోలీసులకు తెలియనే తెలియదని అక్కడి ముఖ, దవడ శస్త్రవైద్యుడు జొనాథన్ షెపర్డ్ గమనించారు. పేర్లు తీసేసి, దాడి ఎక్కడ జరిగింది, ఏ వేళ జరిగింది, ఏ ఆయుధంతో జరిగిందన్న వివరాలను మాత్రం ఆసుపత్రి క్రమం తప్పకుండా పోలీసులకు, నగరపాలక సంస్థకు ఇచ్చే ఏర్పాటు జరిగింది. 2011లో వెలువడిన మూల్యాంకనం ప్రకారం, కార్డిఫ్‌లో హింస వల్ల ఆసుపత్రిలో చేరేవారి సంఖ్య అలాంటివే అయిన మరో 14 నగరాలతో పోలిస్తే 42 శాతం తక్కువగా నమోదైంది. ఖర్చుకూ ఫలితానికీ ఉన్న నిష్పత్తి చూస్తే, ఇంత మంచి ఏర్పాటు ఇన్ని చోట్ల అమలు కాకుండా ఉండిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

హత్యలు, వాహన దొంగతనాల విషయంలో పోలీసు రికార్డులపై చాలావరకు ఆధారపడవచ్చు, ఎందుకంటే శవం దొరికినా, బీమా సొమ్ము కావాలన్నా కేసు నమోదు కాక తప్పదు. వీధి కొట్లాటలకు ఆసుపత్రి లెక్క తోడు కావాలి. గృహహింస, లైంగిక నేరాల విషయంలో మాత్రం సర్వే లేకుండా పోలీసు రికార్డును ఒక్కదాన్నే చూసి నిర్ణయం తీసుకోకూడదు.

చోటును అంటిపెట్టుకొన్న నేరాలు: పరచిన గస్తీయా, గురిపెట్టిన గస్తీయా

గస్తీ మీద జరిగిన పరిశోధనల్లో అన్నింటికంటే ముందు చెప్పుకోవలసినది అమెరికాలోని కాన్సాస్ సిటీ ప్రయోగం. 1972 అక్టోబరు నుంచి ఏడాదిపాటు 15 గస్తీ ప్రాంతాలను మూడు భాగాలు చేశారు. ఐదింటిలో మామూలు గస్తీ కొనసాగింది, ఐదింటిలో పోలీసు కార్లు పిలిస్తే తప్ప వెళ్లలేదు, మిగిలిన ఐదింటిలో గస్తీని రెండు మూడు రెట్లు పెంచారు. ఏడాది తిరిగేసరికి మూడు భాగాల మధ్య నేరాల్లోగాని, ప్రజల భయంలోగాని, పోలీసుల మీద వారి అభిప్రాయంలోగాని చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనిపించలేదు. పోలీసు కారు వీధుల్లో తిరుగుతూ ఉంటే చాలు నేరం తగ్గుతుందన్న నమ్మకం అక్కడ బాగా దెబ్బతిన్నది.

ఈ ఫలితాన్ని బట్టి గస్తీ దండగ అని తేల్చేసినవారు ఆ రోజుల్లో చాలామంది ఉన్నారు. తప్పు గస్తీలో లేదు, దాన్ని పరచిన తీరులో ఉందని తేలడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. మినియాపొలిస్ నగరంలో పోలీసులకు వచ్చే ఫోన్లను చిరునామాల వారీగా విడదీసి చూసినప్పుడు, వాటిలో సగం కేవలం 3 శాతం చిరునామాల నుంచే వస్తున్నాయని 1989లో లారెన్స్ షెర్మన్, ఆయన సహచరులు చూపించారు. తర్వాత డేవిడ్ వైజ్‌బర్డ్ అనేక నగరాల లెక్కలు తీసి, దాదాపు 4 నుంచి 6 శాతం వీధి భాగాల్లోనే సగం నేరాలు జరుగుతాయని, ఈ కేంద్రీకరణ ఏళ్ల తరబడి పెద్దగా మారదని నిరూపించారు. అంటే మనం చెడ్డపేట అని ముద్రవేసే చోట కూడా చాలా వీధులు ప్రశాంతంగానే ఉంటాయి. రెండు మూడు మలుపులు, ఒక బస్సు స్టాపు, ఒక మద్యం దుకాణం ఎదురుగా ఉన్న ఖాళీ జాగా మాత్రమే మొత్తం పేటకు ఆ పేరు తెచ్చిపెడతాయి.

మినియాపొలిస్‌లోనే నేరాలు గుమిగూడే అలాంటి 110 చోట్లను, అంటే హాట్‌స్పాట్లను, ఎంచుకొని, లాటరీ పద్ధతిలో సగం చోట్ల పోలీసుల ఉనికిని పెంచినప్పుడు, నేరాలకు సంబంధించిన ఫోన్లు 6 నుంచి 13 శాతం మేర తగ్గాయి. అక్కడి సమాచారాన్నే పరిశీలించిన క్రిస్టఫర్ కోపర్, పోలీసు ఒకచోట పది పదిహేను నిమిషాలు నిలబడి వెళ్లిపోతే దాని ప్రభావం తర్వాత కూడా కొంతసేపు నిలుస్తుందని, అంతకు మించి అక్కడే ఉండడం వల్ల కలిసివచ్చేది తక్కువని గుర్తించారు. సిబ్బంది కొరత ఉన్న చోట ఈ ఒక్క విషయం తెలిసి ఉంటే, ఉన్న మనుషులతోనే మూడు నాలుగు చోట్లను వంతులవారీగా చూసుకోవచ్చు. 2009 వేసవిలో ఫిలడెల్ఫియాలో 60 హాట్‌స్పాట్లలో కాలినడక గస్తీ పెట్టినప్పుడు, పోలిక కోసం వదిలేసిన చోట్లతో చూస్తే హింసాత్మక నేరాలు 23 శాతం తగ్గాయి. గస్తీ ఎత్తేసిన తర్వాత ఆ లాభం నిలవలేదు. గస్తీని ఎంచుకునేవారు ఈ చివరి సంగతిని ఖర్చు లెక్కలో చేర్చుకోవాలి, ఎందుకంటే ఇది ఒకసారి పెట్టి మరచిపోయే పెట్టుబడి కాదు.

ఒక చోట తరిమితే నేరం పక్క వీధికి పోతుంది కదా అన్న అనుమానం న్యాయమైనదే. జెర్సీ సిటీలో మాదకద్రవ్యాల అమ్మకాలు, వ్యభిచారం సాగే చోట్లపై జరిగిన అధ్యయనంలో నేరం పెద్దగా పక్కకు జరగలేదు సరికదా, చుట్టుపక్కల వీధులకు కూడా కొంత మేలు జరిగింది. మరోవైపు కొలంబియా రాజధాని బొగోటాలో 2016లో 1,919 వీధి భాగాలపై జరిగిన భారీ ప్రయోగంలో ఆస్తి నేరాలు పక్క వీధులకు మళ్లిన సూచనలు కనిపించాయి, హింసాత్మక నేరాల్లో అలా కనిపించలేదు. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావని నా అభిప్రాయం. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ కలిసే అడ్డాలు, తాగినవాళ్లు తగవుపడే మూలలు ఆ చోటులోని సౌకర్యం మీద బతుకుతాయి కాబట్టి వాటిని మరోచోట మళ్లీ నిలబెట్టడం కష్టం. పర్సు కొట్టేయడానికి ఏ వీధి అయినా ఒకటే.

ఈ తేడాను మనదేశంలో జరిగిన ఒక ప్రయోగం మరింత స్పష్టం చేసింది. రాజస్థాన్‌లో డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలను రెండు రకాలుగా పెట్టి చూశారు. కొన్ని ఠాణాల పరిధిలో ప్రతిసారీ ఒకే చోట, అంటే అన్నింటికంటే మేలైన చోట తనిఖీ చేశారు. మరికొన్నింటిలో మూడు చోట్ల మధ్య మారుస్తూ తనిఖీ చేశారు. చోటు మారుస్తూ చేసిన తనిఖీలు రాత్రివేళ ప్రమాదాలను 17 శాతం, మరణాలను 25 శాతం తగ్గించగా, ఒకే చోట చేసినవాటికి చెప్పుకోదగ్గ ప్రభావమే లేదు. తాగి నడిపేవాడు రెండోనాటికే తనిఖీ చోటు తెలుసుకొని వేరే దారి పడతాడు. ఇంతకుముందు చెప్పిన అడ్డాకు వేరే దారి ఉండదు. కాబట్టి గస్తీ స్థిరంగా ఉండాలా, తిరుగుతూ ఉండాలా అన్నది పోలీసుల సౌకర్యాన్ని బట్టి కాక, నేరం కదలగలదా లేదా అన్నదాన్ని బట్టి నిర్ణయించాలి.

దీపాలు, కెమెరాలు, ఖాళీ స్థలాలు

నిఘా కెమెరాల మీద నాలుగు దశాబ్దాల అధ్యయనాలను కలిపి 2019లో వెలువడిన సమీక్షలో సగటున 13 శాతం నేరాలు తగ్గినట్టు తేలింది. అయితే ఆ తగ్గుదలలో సింహభాగం వాహనాల పార్కింగ్ స్థలాల్లో కనిపించింది, హింసాత్మక నేరాలపై చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. కోపంలోనో మత్తులోనో చెయ్యెత్తేవాడు కెమెరా ఉందో లేదో తలెత్తి చూడడు, తీరిగ్గా తాళం తీసేవాడు చూస్తాడు. పైగా తెరల ముందు కూర్చొని గమనించే మనుషులు, వారు చెప్పగానే కదిలే సిబ్బంది ఉన్న చోటే కెమెరాలు బాగా పనిచేశాయి. జరిగిన తర్వాత నిందితుణ్ని పట్టుకోవడానికి కెమెరా ఉపయోగపడుతుందన్నది వేరే మాట, దానికి వేరే లెక్క కట్టాలి. నివారణ కోసమని కొని, దర్యాప్తులో పనికొచ్చిందని సమర్థించుకోవడం సరికాదు.

దీపాల విషయం ఇంతకంటే ఆశాజనకంగా ఉంది. న్యూయార్క్‌లో 2016లో ప్రభుత్వ గృహ సముదాయాలను లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి, ఆరుబయట ప్రకాశవంతమైన దీపస్తంభాలు పెట్టినప్పుడు, రాత్రివేళ ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు మూడో వంతుకు పైగా తగ్గాయి. ఇలాగే ఫిలడెల్ఫియాలో 541 ఖాళీ స్థలాలపై జరిగి, 2018లో ఫలితాలు వెలువడిన ప్రయోగంలో, చెత్త తీసి, గడ్డీ చెట్లూ నాటి, చిన్న కంచె కట్టిన చోట్ల పరిసరాల్లో, ముఖ్యంగా పేదరిక రేఖకు దిగువన ఉన్న పేటల్లో, తుపాకీ హింస 29 శాతం తగ్గింది. నేరం రాత్రిపూట ఆరుబయట జరుగుతున్నదని లెక్కల్లో తేలితే, కెమెరాలకంటే ముందు దీపాలకూ స్థలాల శుభ్రతకూ డబ్బు కేటాయించాలని నేను గట్టిగా చెబుతాను. నేరం తగ్గకపోయినా వెలుతురూ చెట్లూ ఆ పేటకు మిగులుతాయి, పైగా వాటివల్ల ఎవరి ఏకాంతానికీ భంగం కలగదు.

శిక్ష పెంచడమా, పట్టుబడడాన్ని ఖాయం చేయడమా

శిక్ష ఎంత కఠినమైనదన్నదానికంటే అది ఎంత తప్పనిసరిగా, ఎంత త్వరగా పడుతుందన్నదే మనిషిని వెనక్కి లాగుతుందని ఇటలీకి చెందిన చెజారె బెకారియా 1764లోనే వాదించారు. చరిత్ర దీనికి ఒక దారుణమైన పరీక్ష పెట్టింది. 1944 సెప్టెంబరులో జర్మన్ ఆక్రమణ సైన్యం డెన్మార్క్ పోలీసులను మూకుమ్మడిగా నిర్బంధించింది. చట్టం అలాగే ఉంది, పట్టుబడినవారికి శిక్షలు పెంచారు కూడా, పట్టుకునేవాళ్లు మాత్రం దాదాపు లేకుండా పోయారు. కోపెన్‌హాగన్‌లో దోపిడీలు ఎన్నో రెట్లు పెరిగాయి. చేసినవాడెవడో సాధారణంగా ముందే తెలిసిపోయే మోసం, నిధుల దుర్వినియోగం వంటి నేరాలు మాత్రం అలా పెరగలేదు.

2014లో అమెరికా జాతీయ పరిశోధన మండలి తమ దేశంలో జైళ్ల విస్తరణపై ఇచ్చిన నివేదిక కూడా, ఇప్పటికే దీర్ఘంగా ఉన్న శిక్షలను ఇంకా పొడిగించడం వల్ల నేర నిరోధానికి కలిగే అదనపు ప్రయోజనం స్వల్పమని అభిప్రాయపడింది. కారణం ఊహించడం కష్టం కాదు. నేరం చేసేవారిలో ఎక్కువమంది పట్టుబడతామని అనుకోరు, చట్టంలో ఏడేళ్లు ఉందో పదేళ్లు ఉందో వారికి తెలియదు, వయసు పెరిగేకొద్దీ చాలామంది తమంతట తామే నేరం మానేస్తారు కాబట్టి, శిక్షలో చివరి ఏళ్లు ఎవరినీ కాపాడకుండానే ఖర్చవుతాయి. అయితే శిక్షకు నిరోధం ఒక్కటే ప్రయోజనం కాదు. బాధితులకు న్యాయం జరిగిందన్న భావన, నేర తీవ్రతకు తగిన శిక్ష అన్న సూత్రం వేరుగా నిలబడతాయి. ఘోరమైన నేరానికి దీర్ఘ శిక్ష కోరేవారి వాదన ఆ పునాది మీద సాగితే అది గౌరవించదగిన వాదనే. నేరాలు తగ్గుతాయన్న పేరుతో సాగితే మాత్రం ఆధారం బలహీనం.

ఖాయమైన చిన్న శిక్షలు ఎప్పుడు పనిచేస్తాయన్నదానిలోనూ జాగ్రత్త కావాలి. అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో 2005లో మొదలైన పథకంలో, తాగి వాహనం నడిపి పట్టుబడినవారికి రోజుకు రెండుసార్లు శ్వాస పరీక్ష చేస్తారు, తాగినట్టు తేలితే వెంటనే ఒకటి రెండు రోజులు జైల్లో ఉంచుతారు. ఆ పథకం అమలైన కౌంటీల్లో మళ్లీ తాగి నడిపిన కేసుల్లో అరెస్టులు 12 శాతం, గృహహింస అరెస్టులు 9 శాతం తగ్గాయి. హవాయిలో న్యాయమూర్తి స్టీవెన్ ఆల్మ్ 2004లో ప్రొబేషన్ మీద, అంటే జైలుకు బదులు షరతులతో బయట ఉన్నవారి కోసం ఇదే సూత్రంతో మొదలుపెట్టిన పథకానికి తొలి మూల్యాంకనంలో అద్భుతమైన ఫలితాలు వచ్చాయి. తర్వాత అదే పథకాన్ని నాలుగు ఇతర రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా అమలు చేసి చూస్తే, మామూలు ప్రొబేషన్‌కూ దానికీ మధ్య పెద్ద తేడా లేదని 2016లో తేలింది. సౌత్ డకోటా పథకంలో ఒకే అలవాటు మీద, రోజూ కొలవగలిగే ఒకే హద్దు మీద దృష్టి ఉంది. హవాయి పథకంలో హద్దులు అనేకం, వాటికితోడు ఆ తొలి న్యాయమూర్తి పట్టుదల ఇతర చోట్లకు బదిలీ కాలేదు. ఎక్కడో ఫలించిన పథకాన్ని తెచ్చుకునేవారు పత్రాల్లోని నియమాలనే కాక, వాటిని నడిపిన మనిషి చేసిన పనిని కూడా విడదీసి చూడాలి.

కొద్దిమంది చుట్టూ తిరిగే నేరాలు

1990లలో బోస్టన్‌లో యువకుల హత్యలు పెరిగినప్పుడు పరిశోధకులు చూసినదేమిటంటే, నగర యువతలో ఒక శాతానికి లోపు ఉన్న ముఠా సభ్యులే ఆ హత్యల్లో కనీసం 60 శాతానికి కారణం. 1996లో ఆ ముఠాలను నేరుగా పిలిచి, ఎవరు కాల్చినా ముఠా మొత్తం మీద చర్య ఉంటుందని హెచ్చరిస్తూ, అదే సమావేశంలో ఉపాధికీ చికిత్సకూ సహాయం చేస్తామని చెప్పారు. నెలకు సగటున జరిగే యువకుల హత్యలు 63 శాతం తగ్గాయి. ఇందులో లాటరీ పద్ధతి లేదు, ఒకే నగరం కాబట్టి ఆ అంకెను అక్షరాలా నమ్మకూడదు. కానీ తర్వాత అనేక నగరాల్లో జరిగిన అధ్యయనాలు అదే దిశను చూపాయి. ముఠాల మధ్య పగలు ఉన్న చోట ఈ మార్గం సరిపోతుంది, ముఠాలే లేని చోట దీన్ని తెచ్చిపెట్టుకోవడం వృథా.

ముప్పు ఇంకా ముదరని కుర్రవాళ్ల విషయంలో రెండు మార్గాలు పోటీపడుతుంటాయి, భయపెట్టడం ఒకటి, నేర్పడం మరొకటి. న్యూజెర్సీలోని రాహ్‌వే జైలుకు కుర్రవాళ్లను తీసుకెళ్లి, యావజ్జీవ ఖైదీల చేత వారిని గద్దింపజేసే కార్యక్రమం 1970లలో ఎంతో పేరు పొందింది, అనేక చోట్లకు పాకింది. పోలిక బృందంతో పరీక్షించిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, అలా వెళ్లివచ్చినవారు వెళ్లనివారికంటే ఎక్కువగా నేరాల్లో చిక్కుకున్నట్టు తేలింది. మంచి మనసుతో చేసినంత మాత్రాన హాని జరగదన్న హామీ లేదనడానికి ఇంతకంటే పాత సాక్ష్యం ఒకటుంది. మసాచుసెట్స్‌లో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అధ్యయనంలో 506 మంది బాలురను జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకరికి ఏళ్ల తరబడి సలహాదారుల తోడు, వేసవి శిబిరాలు, చదువు సాయం అందించారు. ముప్ఫై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ వారందరినీ వెదికి చూస్తే, సాయం పొందినవారికి మేలు కనిపించలేదు, కొన్ని విషయాల్లో వారి పరిస్థితే ఎక్కువ దిగజారింది. సాయం పొందిన చాలామంది తమకు ఎంతో మేలు జరిగిందని కృతజ్ఞతతో చెప్పారు. లబ్ధిదారుల సంతృప్తిని ఫలితంగా లెక్కించే నివేదికలను చూసినప్పుడల్లా ఈ అధ్యయనాన్ని తలచుకోవాలి.

నేర్పడం వైపు నిలబడే సాక్ష్యం దీనికి భిన్నమైనది. షికాగోలో ఉన్నత పాఠశాల కుర్రవాళ్లకు, కోపం వచ్చిన క్షణంలో ఒక్క నిమిషం ఆగి ఆలోచించడాన్ని అభ్యాసాల ద్వారా అలవాటు చేసిన కార్యక్రమం, అది నడిచిన కాలంలో హింసాత్మక నేరాలకు జరిగే అరెస్టులను దాదాపు సగం తగ్గించింది. లైబీరియా రాజధాని మన్రోవియాలో దొంగతనాలు, కొట్లాటల్లో ఉన్న 999 మంది యువకులపై జరిగిన ప్రయోగంలో, ఇలాంటి శిక్షణ ఒక్కటే ఇచ్చినవారిలో మార్పు కాలక్రమంలో తరిగిపోయింది. డబ్బు ఒక్కటే ఇచ్చినవారిలో అది నిలవలేదు. శిక్షణతోపాటు 200 డాలర్లు కూడా ఇచ్చినవారిలో మాత్రం మార్పు పదేళ్ల తర్వాత కూడా కనిపించింది. కొత్త నడవడిని కొన్నాళ్లు ఆచరించి చూపడానికి ఆ డబ్బు వెసులుబాటు ఇచ్చిందన్నది పరిశోధకుల వివరణ. నాకు అది సబబుగానే తోస్తుంది.

నాలుగు గోడల మధ్య

గృహహింసలో అరెస్టు చేయాలా, మందలించి వదలాలా అన్నది అన్నింటికంటే కష్టమైన ఎంపిక. 1981-82లో మినియాపొలిస్‌లో జరిగిన ప్రయోగంలో, అరెస్టయినవారు మళ్లీ హింసకు దిగడం మందలించి వదిలేసినవారికంటే తక్కువగా ఉన్నట్టు తేలగానే, అమెరికాలో అనేక రాష్ట్రాలు తప్పనిసరి అరెస్టు విధానాన్ని తెచ్చాయి. తర్వాత మరో ఐదు చోట్ల జరిగిన ప్రయోగాలు పరస్పర విరుద్ధ ఫలితాలు ఇచ్చాయి. మిల్వాకీలో ఉద్యోగం ఉన్నవారి హింసను అరెస్టు తగ్గించింది, నిరుద్యోగులను మరింత రెచ్చగొట్టింది. ఒకే ఒక్క అధ్యయనం మీద చట్టం కట్టకూడదన్న దానికి నేను ఇంతకంటే మంచి ఉదాహరణ ఎరుగను. అరెస్టు వద్దని దీని అర్థం కాదు. అరెస్టుతో పని అయిపోయిందని ఆ ఇంటిని వదిలేయకూడదని అర్థం.

అసలు ఫిర్యాదే రాని చోట ఈ చర్చకు తావు లేదు. మధ్యప్రదేశ్‌లో 180 ఠాణాల్లో జరిగి, 2022లో ఫలితాలు వెలువడిన ప్రయోగంలో, మహిళా సహాయ కేంద్రాలు పెట్టిన ఠాణాల్లో మహిళల ఫిర్యాదుల నమోదు పెరిగింది. అందులోనూ ఎఫ్‌ఐఆర్‌ల పెరుగుదల, ఆ కేంద్రాలను మహిళా అధికారులు నడిపిన చోటే కనిపించింది. ఇక్కడ కేసులు పెరగడమే విజయం. పైన లెక్కను ముందు ఎంచుకోవాలని చెప్పింది ఇందుకే, ఎందుకంటే నమోదైన కేసులు తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకున్న అధికారి ఈ పథకాన్ని మొదటి నెలలోనే మూసేస్తాడు.

పోలీసుల నడవడిని మార్చడానికి కెమెరా మేలా, శిక్షణ మేలా అన్నదానికి జవాబు క్లుప్తంగానే చెప్పవచ్చు. యూనిఫాం మీద ధరించే కెమెరాలు వాషింగ్టన్‌లో రెండు వేలకు పైగా పోలీసులపై జరిగిన ప్రయోగంలో బలప్రయోగాన్నిగాని, ఫిర్యాదులనుగాని చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదు. రాజస్థాన్ ఠాణాల్లో జరిగిన మరో ప్రయోగంలో శిక్షణ పొందిన సిబ్బంది పట్ల బాధితుల సంతృప్తి పెరిగింది. ఠాణా అధికారి ఇష్టం మీద ఆధారపడిన వారపు సెలవు, పనుల మార్పిడి వంటివి సరిగా అమలే కాలేదు. కిందిస్థాయి అధికారి రోజూ తలచుకుంటేనే నడిచే చర్యకంటే, ఒకసారి చేస్తే నిలిచే చర్యను ఎంచుకోవడం మంచిది.

ఎంపికను పరీక్షగా మార్చుకోవడం

సాధారణంగా చర్య తీసుకునేది నేరాలు బాగా పెరిగిన నెలలోనే. అలా పెరిగిన సంఖ్య ఏమీ చేయకపోయినా కొంత తగ్గి మామూలు స్థాయికి వస్తుంది, ఆ తగ్గుదలను చర్య ఖాతాలో వేసుకుంటారు. ముందూ తర్వాతా అన్న రెండు అంకెలు మాత్రమే చూపే నివేదికను అందుకే నమ్మకూడదు. ఆ చర్య లేని, అలాంటిదే అయిన మరో ప్రాంతంలో అదే కాలంలో ఏం జరిగిందో చూపితేనే ఆ లెక్కకు విలువ.

ఈ పోలికను సమకూర్చుకోవడానికి ప్రత్యేకంగా ఖర్చు పెట్టనక్కరలేదు. ఇరవై చోట్ల దీపాలు పెట్టాలనుకొని ఈ ఏడాది పది చోట్లకే డబ్బున్నప్పుడు, ఆ పదింటినీ పలుకుబడిని బట్టి కాక అందరి ముందూ చీట్లు తీసి ఎంచుకుంటే, మిగిలిన పదీ వాటంతట అవే పోలికకు నిలుస్తాయి, మరుసటి ఏడాది వాటికీ దీపాలు వస్తాయి. మొదలుపెట్టకముందే మూడు విషయాలు రాసి పెట్టుకోవాలి. ఏ లెక్క ఎంత మారితే ఫలించినట్టు అన్నది మొదటిది, ఎన్ని నెలల తర్వాత చూడాలన్నది రెండోది. చాలామంది వదిలేసే మూడోది, ఏ హాని కనిపిస్తే ఆపేయాలన్నది. గురిపెట్టిన గస్తీలో తనిఖీకి గురైనవారిలో ఏ వర్గంవారు ఎంతమంది, వారిలో ఎందరి దగ్గర ఏమీ దొరకలేదు అన్న పట్టీని నెలనెలా తీయాలి, ఆ పట్టీని గస్తీ నిర్వహించే అధికారి చేతిలో కాక, స్థానిక సంస్థ నియమించిన మరొకరి చేతిలో ఉంచాలి.